ఎదురుగాలి పద్దు

కల్మార్‌లో నాలుగు వందల మంది బడిపిల్లలకు
మధ్యాహ్నం వండిపెట్టేది నేనే.
యాభై లీటర్ల గుండిగలో గరిటె తిప్పిన భుజాలివి,
ఈతకు పనికొస్తాయనుకున్నాను.
రాలేదు.
ఈతకు కావలసింది బలం కాదట, నీటితో వాదించకపోవడమట.
ఆ మాట కొలనులో ఒక పన్నెండేళ్ళ పిల్ల చెప్పింది,
చేపల రోజున పళ్ళెం ముట్టని పిల్ల.

నవంబరు నుంచి నేలమాళిగలో సైకిలు.
వెనక చక్రం ఇనప రోలరు మీద,
ముందు గోడ,
గోడవార బీట్‌రూట్ బుట్ట, పోయిన వేసవి జాం సీసాలు.
రెండు గంటలు తొక్కి దిగితే
అదే సీసా, అదే మూత, మూత మీద నా చేతిరాతే.
ఎక్కడికీ వెళ్ళకుండా ఇంత అలిసిపోవచ్చని
యాభై ఒకటో ఏట తెలిసింది.
మెట్ల మీదనుంచి టూరె అడుగుతాడు,
"ఎందాకా వచ్చావు?"
"బీట్‌రూట్ దాకా."

ఏప్రిల్లో జలసంధి ఎనిమిది డిగ్రీలు.
రబ్బరు తొడుగు మెడ దగ్గర దూరిన నీళ్ళు
వెన్నులో ఒక్కో పూసనూ లెక్కపెట్టాయి.
మొదటి వంద మీటర్లు ఈత కాదు,
ఊపిరిని బతిమాలుకోవడం.
ఆ తర్వాత ఆకుపచ్చ వెలుగులో
నా చేతులు నాకు కనిపించాయి,
ఎవరివో అన్నట్టు, నెమ్మదిగా,
పిండి కలుపుతున్నట్టు.

మూడు కిలోమీటర్ల ఎనిమిది వందలు నీళ్ళు,
నూట ఎనభై చక్రం,
ఆపైన నలభై రెండు కాళ్ళు.
కాగితం మీద పచారీ చీటీలా ఉంది.
పచారీ మోయడం నాకు కొత్తా?

జూన్ చివర, వంతెన దాటి ఓలాండ్ దీవి మీద దక్షిణంగా.
ఎక్కుడు లేదు, దిగుడు లేదు, బల్లపరుపు.
నీరు పల్లమెరుగు.
ఇక్కడి గాలి నా ముఖమే ఎరుగు.

నూట పదో కిలోమీటరు దగ్గర
సీసాలు ఖాళీ, జేబులు ఖాళీ, తల ఖాళీ.
సున్నపురాతి మైదానంలో ఒక గొర్రె నన్ను చూసింది,
జాలిగా కాదు, తనకేం తొందర లేనట్టు.
కాళ్ళు తిరగమన్నాయి. దిగి నిలబడ్డాను.
ఏడిస్తే బాగుండేది,
దానికీ కాస్త చక్కెర కావాలి.

దారి పక్కన ఒక చెక్క బీరువా, మనిషి లేని దుకాణం.
స్ట్రాబెర్రీలు. డబ్బులు వెయ్యడానికి కాఫీ డబ్బా.
నా దగ్గర ఒక్క నాణెం లేదు, ఫోను చచ్చి గంటయింది.
బడిలో రెండో అరటిపండు దాచుకునే పిల్లల్ని
ఎన్నిసార్లు పట్టుకున్నానో!
అటూ ఇటూ చూశాను.
పెట్టెడూ తిన్నాను, తొడిమలతో సహా.
పంక్చరు సామాన్ల సంచిలో పెన్సిలు ముక్క దొరికింది.
పెట్టె అట్ట చింపి రాశాను:
"నలభై క్రోనార్లు బాకీ. వచ్చే శనివారం. సైకిలు మనిషి, గుడ్రున్."

శనివారం గాలి ఇంకా పెద్దది.
నా ప్రణాళికలో ఆ రోజు విశ్రాంతి.
అయినా వెళ్ళాను.
డబ్బా మూత తీస్తే నా అట్టముక్కే,
వెనకవైపు పెద్ద పెద్ద వంకర అక్షరాలు:
"ఈ గాలికి స్ట్రాబెర్రీలు ఆగవమ్మా.
కింది అరలో ఉడికించిన దుంపలున్నాయి. ఉప్పు మర్చిపోకు."
గుడ్డలో చుట్టి, ఇంకా వెచ్చగా, ఐదు.
ఉప్పు విడిగా కాగితం పొట్లంలో.
ఇంటి తలుపు మూసే ఉంది.
కిటికీలో పిల్లి.
ఇరవై ఆరేళ్ళుగా అందరికీ ఉప్పు చూసేది నేను.
ఆ రోజు చూడలేదు.
సరిపోయింది.

ఆగస్టు. రేపే పందెం.
ఈ వారమంతా ఏమీ చెయ్యకపోవడమే సాధన అన్నారు,
అన్నిటికన్నా అదే చేతకాలేదు.
మూడుసార్లు పొయ్యి తోమాను.
బల్ల మీద జెల్లు పొట్లాలు వరసగా:
నిమ్మ, కోలా, ఇంకేదో పేరు తెలియని పండు.
వాటి చివర మడత మీద మడత పెట్టిన
చిన్న కాగితం పొట్లం.
పందెం దారి ఆ బీరువా ముందునుంచి పోదు,
రెండు మలుపుల ఇవతలే వెనక్కి తిరుగుతుంది.

టూరె దీపం ఆర్పమంటున్నాడు.
వంటింటి కిటికీ బెత్తెడు తెరిచాను.
దక్షిణం నుంచే.
నన్ను గుర్తుపట్టింది.